‘కస్టమ్ మోకాలు’ అంటే అసలు ఏది కస్టమ్? మా అమ్మమ్మ సీటీ స్కాన్ ఓపెన్ చేసి చూద్దాం

ఈ ఎపిసోడ్ కొంచెం పర్సనల్. మొదట్లో కథ ఉంటుంది, తర్వాత టెక్నాలజీ ఉంటుంది. ఓపిక పట్టండి.

మాది ద్వారకా తిరుమల. చిన్న తిరుపతి అంటే ఇంకా తొందరగా గుర్తుపడతారు. కొండ కింద పాదుకా మండపంలో స్వామి పాదాలకి దణ్ణం పెట్టుకుని, అక్కణ్ణుంచి మెట్లెక్కి పైకి వెళ్లడం మా అమ్మమ్మకి చిన్నప్పటి నుంచీ అలవాటు. బస్సు పైదాకా వెళ్తుంది కదా అంటే వినేది కాదు. అలాంటి మనిషి పోయినేడు పాదుకా మండపం దగ్గరే కూర్చుండిపోయింది. "మీరు వెళ్లి రండి నాన్నా, నేనిక్కణ్ణుంచే దణ్ణం పెట్టుకుంటాను" అంది. ఆ మాట విన్నాక ఇంట్లో ఎవరికీ పులిహోర ప్రసాదం కూడా రుచించలేదు.

ఎక్స్‌రే తీయిస్తే రెండు మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది. కుడికాలు బాగా దొడ్డికాలు అయిపోయింది. ఆపరేషన్ తప్పదన్నారు. ఒక సిటీలో పెద్ద హాస్పిటల్‌కి తీసుకెళ్లాం, పేరు చెప్పను. డాక్టరు గారు రెండు నిమిషాలు మాట్లాడారు. తర్వాత కోఆర్డినేటర్ అనే ఆయన నన్ను పక్కకి పిలిచి ట్యాబ్‌లో ఒక యానిమేషన్ చూపించాడు. "సార్, ఇది కస్టమ్ నీ. మీ అమ్మమ్మ గారి కాలికి మాత్రమే సరిపోయేలా కంప్యూటర్‌లో డిజైన్ చేస్తాం." దానికి ఎక్స్‌ట్రా ఎంతో కూడా చెప్పాడు. చిన్న మొత్తం కాదు.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి వచ్చినవాణ్ణి కదా, నోరు ఊరుకోదు. "డిజైన్ చేసేది ఇంప్లాంట్‌నా? లేకపోతే ప్లాన్‌నా?" అని అడిగాను. ఆయన కాసేపు నా మొహం చూసి, "రెండూ ఒకటే కదా సార్" అన్నాడు.

రెండూ ఒకటి కాదు. ఈ ఎపిసోడ్ అంతా దాని గురించే. ఎందుకంటే ఇంట్లో పెద్దవాళ్లకి ఆపరేషన్ అంటే ఫోన్లో వెతికేది మనమే, కోఆర్డినేటర్ పక్కకి పిలిచేదీ మనల్నే.

ముందు ఒక అపోహ తీసేద్దాం. మోకాలి మార్పిడి అంటే మోకాలు మొత్తం కోసి పారేసి కొత్తది పెడతారని చాలామంది అనుకుంటారు. అలా కాదు. తొడ ఎముక కింది కొసన, కింద కాలి ఎముక పైకొసన పాడైన పొరని ఇంచుమించు 8 నుంచి 10 మిల్లీమీటర్లు కోసి, దాని మీద లోహపు తొడుగు వేస్తారు. పన్నుకి క్యాప్ వేసినట్టన్నమాట. తొడ ఎముక మీద తొడుగు సాధారణంగా కోబాల్ట్ క్రోమియం. కింద ఎముక మీద ఒక పళ్లెం లాంటిది, ఎక్కువగా టైటానియంది. ఆ రెండిటి మధ్య గట్టి పాలిథిలిన్ ముక్క. క్యారీ బ్యాగుల ప్లాస్టిక్‌కి అది చుట్టమే, కాకపోతే మాలిక్యూల్స్ చాలా పొడుగ్గా ఉంటాయి కాబట్టి అరుగుదలకి బాగా తట్టుకుంటుంది. మోకాలి చిప్ప వెనకాల ఒక్కోసారి ఇంకో బిళ్ల పెడతారు, ఒక్కోసారి పెట్టరు.

ఇది మోయాల్సిన బరువు ఎంతో తెలుసా? బెర్లిన్‌లో పరిశోధకులు సెన్సార్లున్న ఇంప్లాంట్లని కొంతమంది పేషెంట్లకి అమర్చి, మోకాలి లోపలి బరువుని నేరుగా కొలిచారు. 2010లో వచ్చిన ఆ లెక్కల ప్రకారం మామూలుగా నడిస్తే ఒంటి బరువుకి సుమారు 2.6 రెట్లు. మెట్లెక్కితే 3.2 రెట్లు. దిగితే 3.5 రెట్లు. మా అమ్మమ్మ 60 కిలోలు. అంటే కొండ దిగేటప్పుడు ప్రతి మెట్టుకీ ఆ మోకాలి మీద 210 కిలోలు. ఎక్కడం కంటే దిగడమే కష్టమని పెద్దవాళ్లు ఎందుకంటారో నాకు ఈ నంబర్ చూశాకే అర్థమైంది.

ఇప్పుడు సైజుల గొడవ. ఒక్కో కంపెనీ తొడ ఎముక తొడుగుని ఎనిమిదో పదో పన్నెండో సైజుల్లో చేస్తుంది. చెప్పుల షాపులో లాగే. కానీ చెప్పుకి పొడవు సరిపోయినా వెడల్పు సరిపోకపోవచ్చు కదా, ఇక్కడా అంతే. ముందు నుంచి వెనక్కి కొలత సరిపోయిన సైజు, అడ్డంగా ఎముక కంటే పెద్దదై బయటికి పొడుచుకు రావచ్చు. ఆడవాళ్లలో ఇది ఎక్కువ. పాత డిజైన్లన్నీ ఎక్కువగా అమెరికా, యూరప్ ఎముకల కొలతలతో వచ్చాయి. మనవాళ్ల మోకాళ్లు సగటున వాటికంటే చిన్నవి. పొడుచుకు వస్తే ఏమవుతుంది? చుట్టూ ఉన్న మెత్తటి కణజాలం దానికి ఒరుసుకుంటుంది. అలా 3 మిల్లీమీటర్లు, అంతకుమించి బయటికొచ్చిన వాళ్లలో రెండేళ్ల తర్వాత కూడా ఇబ్బంది పెట్టే నొప్పి ఉండే అవకాశం దాదాపు రెట్టింపు అని 2010లోనే ఒక అమెరికన్ స్టడీ చెప్పింది. మూడు మిల్లీమీటర్లంటే రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం.

అదే ఏడాది కెనడాలో 1,700 మోకాళ్ల మీద చేసిన ఇంకో స్టడీలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరు ఆపరేషన్ తర్వాత తృప్తిగా లేమన్నారు. ఆ ఐదో మనిషిని మార్చాలనే ఆలోచనే ఈ కస్టమ్ టెక్నాలజీకి మూలం. ఆలోచన మంచిదే, అందులో మోసం లేదు. మాటని వాడే తీరులోనే తిరకాసు ఉంది.

సరే, స్క్రీన్ మీదకి వద్దాం. మీరు చూస్తున్నది మా అమ్మమ్మ సీటీ స్కాన్. సీడీలో ఇచ్చారు, లోపల 900 పైచిలుకు ఫైళ్లున్నాయి. ఫార్మాట్ పేరు డైకామ్. ఒక్కో ఫైలూ కాలిని అడ్డంగా కోసినట్టు కనిపించే ఒక పల్చటి పొర, మిల్లీమీటరు లేదా అంతకంటే తక్కువ మందం. నేను వాడుతున్న సాఫ్ట్‌వేర్ 3డి స్లైసర్, ఓపెన్ సోర్స్, ఫ్రీ. నేర్చుకోవడానికి వాడండి, దాంతో ఇంట్లో కూర్చుని వైద్యం మాత్రం చేయకండి ప్లీజ్.

ఇందులో ప్రతి చుక్కకీ ఒక నంబర్ ఉంటుంది. నీళ్లకి సున్నా, గాలికి మైనస్ 1000, ఎముకకి కొన్ని వందల నుంచి వెయ్యి దాటి. "ఫలానా నంబర్ పైన ఉన్నదంతా ఎముకే" అని ఒక గీత గీస్తే సాఫ్ట్‌వేర్ ఎముకని విడదీస్తుంది. దీన్ని సెగ్మెంటేషన్ అంటారు. ఆ చుక్కల మీద ఒక చర్మంలా త్రిభుజాల వల అల్లే అల్గారిథమ్ పేరు మార్చింగ్ క్యూబ్స్. 1987లో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసే ఇద్దరు, లోరెన్సన్, క్లైన్, రాశారు. నేను బీటెక్‌లో గ్రాఫిక్స్ పేపర్‌కి దాన్ని బట్టీపట్టి రాశాను. అది మా అమ్మమ్మ మోకాలి దాకా వస్తుందని అప్పుడు కలగనలేదు.

ఇక్కడే ఒక చిక్కుంది, ఇది నాకు భలే నచ్చింది. గుజ్జు సీటీలో సరిగ్గా కనపడదు. ఆరోగ్యంగా ఉన్న మోకాల్లో పై ఎముకకీ కింద ఎముకకీ మధ్య నల్లటి ఖాళీ ఉంటుంది కాబట్టి కంప్యూటర్ ఈజీగా విడదీస్తుంది. మా అమ్మమ్మ కాల్లో గుజ్జు లేదు, రెండెముకలూ అంటుకుని ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ రెండిటినీ కలిపి ఒకే ఎముక అనుకుంది! పైగా వయసు వల్ల ఎముక పల్చబడి కొన్నిచోట్ల నంబర్ తగ్గిపోయింది, అక్కడ బొమ్మలో చిల్లులు. అంటే ఆపరేషన్ అవసరం లేని మోకాలికి ఇది అద్భుతంగా పనిచేస్తుంది, అవసరమైన మోకాలికే తడబడుతుంది. అందుకే కంపెనీల్లో ట్రైనింగ్ ఉన్న మనుషులు కూర్చుని పొర పొరనీ సరిచేస్తారు. ఇప్పుడు డీప్ లెర్నింగ్ మోడల్స్ ఆ పని చాలావరకు చేస్తున్నాయి, చివర్లో మనిషి చూస్తాడు. చూడాలి కూడా.

మోకాలొక్కటే స్కాన్ చేస్తే సరిపోదు. తుంటి, మోకాలు, చీలమండ, మూడూ కావాలి. తుంటి బంతి మధ్య నుంచి చీలమండ మధ్యకి గీత గీస్తే అది మోకాలి మధ్య నుంచి పోవాలి, కాస్త అటూ ఇటూ. దొడ్డికాలికి ఆ గీత మోకాలి లోపలి పక్కకి పోతుంది. బరువంతా లోపలి పక్కే పడుతుంది, అక్కడే ఇంకా అరుగుతుంది, కాలు ఇంకా వంగుతుంది.

ఇదంతా చూపిస్తుంటే పక్కన కూర్చున్న అమ్మమ్మ ఒక మాట అంది. "ఒరేయ్, అంటే ఇది ఆది జాకెట్టు ఇవ్వడం లాంటిదేగా?" నిజంగా అంతే! టైలర్‌కి కుట్టమని ఇచ్చేటప్పుడు సరిగ్గా సరిపోయే పాత జాకెట్టొకటి కొలతకి ఇస్తారు కదా, ఆ ఆది జాకెట్టే ఈ సీటీ స్కాన్. తేడా ఒక్కటే, ఇక్కడ ఆది జాకెట్టే చిరిగిపోయి ఉంది. ఉన్నది ఉన్నట్టు కాపీ కొట్టకూడదు, చిరగకముందు ఎలా ఉండేదో ఊహించి కుట్టాలి.

ఆది జాకెట్టు ఇచ్చాక ఏం జరుగుతుంది అన్నదే అసలు ప్రశ్న. దానికి నాలుగు రకాల జవాబులున్నాయి, నాలుగింటినీ "కస్టమ్" అనే అమ్ముతున్నారు.

కొన్నిచోట్ల స్కాన్ చూసి, ఉన్న సైజుల్లో మీకు దగ్గరగా వచ్చేది ముందే ఎంచుతారు. రెడీమేడ్ షాపులో 34 తీసుకోవాలా 36 తీసుకోవాలా అని ముందే తెలుసుకోవడం. ఉపయోగమే, కానీ ఇంప్లాంట్ అందరిదీ ఒకటే.

ఇంకొన్నిచోట్ల మీ ఎముక మీద మాత్రమే అచ్చంగా కూర్చునే ఒక ప్లాస్టిక్ అచ్చుని 3డి ప్రింట్ చేస్తారు. దానికి గాడులుంటాయి, రంపం ఆ గాడిలోంచి పోతే కోత అనుకున్నచోట పడుతుంది. ఇదీ టైలర్ సుద్దతో గీత గీసినట్టు. అచ్చు మీది, లోపల పెట్టేది మాత్రం రెడీమేడ్. పెద్ద కంపెనీలన్నీ ఇది తెచ్చాయి, దీని మీద స్టడీలు కూడా చాలా వచ్చాయి. నొప్పి తగ్గడంలో, నడకలో మామూలు పద్ధతి కంటే స్పష్టమైన తేడా మాత్రం వాటిలో తేలలేదు.

మూడోది రోబో. ఇది మనవాళ్లకి బాగా ఎక్కింది, హైవే మీద హోర్డింగులు చూస్తున్నారుగా. రోబో తనంతట తాను ఆపరేషన్ చేయదు. ఉదాహరణకి మేకో అనే దాన్నే తీసుకోండి. సీటీ నుంచి మీ మోకాలి 3డి ప్లాన్ తయారుచేస్తారు, రంపం సర్జన్ చేతిలోనే ఉంటుంది, ప్లాన్ గీత దాటబోతే మెషీన్ ఆపుతుంది. గేమ్‌లో మ్యాప్ అంచు దాటనివ్వనట్టు. కోత కచ్చితత్వం పెరుగుతుంది. ఇక్కడా ప్లాన్ మీది, ఇంప్లాంట్ రెడీమేడ్.

నాలుగోది అసలైన కస్టమ్. ఇంప్లాంట్‌నే మీ ఎముక అంచుల ప్రకారం, మీ మోకాలి వంపు ప్రకారం డిజైన్ చేయడం. అమెరికాలో 2004లో మొదలైన కాన్ఫార్మిస్ అనే కంపెనీ దీని మీదే బతికింది. వాళ్ల పూర్తి మోకాలు ఐటోటల్‌కి 2011లో అక్కడి ఎఫ్‌డీఏ క్లియరెన్స్ వచ్చింది. 2023లో రిస్టార్‌3డి అనే ఇంకో కంపెనీ దాన్ని కొనేసింది.

తయారీ గురించి ఒక్క విషయం. కస్టమ్ అనగానే లోహాన్ని నేరుగా ప్రింట్ చేస్తారనుకుంటాం. కింది పళ్లెం విషయంలో అది నిజమే. టైటానియం పొడిని పల్చగా పరిచి, లేజర్‌తో కరిగించి, మళ్లీ పొడి పరిచి, పూతరేకు మీద పూతరేకు పేర్చినట్టు కడతారు. ఒక్కో పొర మిల్లీమీటరులో ఇరవయ్యో ముప్పయ్యో వంతు. ఎముకని తాకే వైపు స్పాంజిలా సన్న రంధ్రాలు పెడతారు, ఎముక వాటిలోకి పెరిగి పట్టుకుంటుంది. కానీ పై తొడుగు పాలిథిలిన్ మీద లక్షల సార్లు జారాలి. టైటానియం ఆ రాపిడికి ఆగదు, అందుకే కోబాల్ట్ క్రోమియం. దానికి మైనంతో నమూనా ప్రింట్ చేసి, చుట్టూ పింగాణీ పూత పూసి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహం పోసే దారి ఒకటుంది. గుళ్లో పంచలోహ ఉత్సవ విగ్రహాలు పోసేది కూడా మైనం పద్ధతిలోనే! వేల ఏళ్ల టెక్నిక్, మైనం బొమ్మ మాత్రం ఇప్పుడు ప్రింటర్ చేస్తోంది. పోశాక అద్దంలా పాలిష్ చేయాలి, కొలతలు చూడాలి, స్టెరిలైజ్ చేయాలి. వారాలు పడుతుంది.

దీంట్లో రిస్క్ కూడా ఉంది. రెడీమేడ్ అయితే ఆపరేషన్ బల్ల మీద సైజు తేడా అనిపిస్తే పక్క ట్రేలోంచి ఇంకోటి తీస్తారు. నిజమైన కస్టమ్‌కి "ఇంకో సైజు" అనేది లేదు. అందుకని మామూలు సెట్ కూడా పక్కన రెడీగా ఉంచుకోవాల్సిందే.

మరి ఇది ఎవరికి నిజంగా అవసరం? ఎముకలో క్యాన్సర్ గడ్డ తీసేశాక పెద్ద ముక్క లేనివాళ్లకి. పాత ఇంప్లాంట్ వదులై, ఎముక తినేసిన తర్వాత రెండోసారి చేయించుకునేవాళ్లకి. ఎప్పుడో యాక్సిడెంట్‌లో విరిగి వంకరగా అతుక్కున్నవాళ్లకి. మన నేల మీద ఇంకో రకం వంకర కూడా ఉంది. నల్గొండలో నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోతున్నాయని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లోనే లాన్సెట్ పత్రికలో రాశారు. అలాంటి కాలికి ముందే 3డి ప్లాన్ వేసుకోవడం సోకు కాదు, అవసరం.

మన దగ్గర చట్టంలో కూడా ఈ మాటకి అర్థం ఉంది. 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ ప్రకారం కస్టమ్ మేడ్ అంటే ఆ రంగంలో స్పెషలిస్ట్ అయిన డాక్టర్ రాతపూర్వకంగా ఇస్తే, ఆయన బాధ్యత మీద, ఒకే ఒక్క పేషెంట్ కోసం చేసింది. మూకుమ్మడిగా తయారుచేసేది అందులోకి రాదు. మరి షెల్ఫ్ మీద సైజు నంబర్‌తో ఉన్నది కస్టమ్ ఎలా అవుతుంది? విశాఖపట్నంలో 270 ఎకరాల్లో మెడ్‌టెక్ జోన్ ఉంది, 2018లో ప్రారంభమైంది, వైద్య పరికరాల కోసం 3డి ప్రింటింగ్ సౌకర్యం కూడా అక్కడుంది. అంటే చేయాలంటే మనవాళ్లు చేయగలరు. ఇంజినీర్లు కాళ్ల జోలికి రావడం మనకి కొత్తా ఏంటి! క్షిపణుల కోసం చేసిన తేలికపాటి మెటీరియల్‌తో పోలియో పిల్లలకి 300 గ్రాముల క్యాలిపర్లు చేయించి, 3 కిలోల ఇనప వాటి బరువు దింపింది హైదరాబాద్‌లో ఉన్నప్పుడు అబ్దుల్ కలాం గారే కదా. నిమ్స్‌లో పిల్లల్ని చూసి చేయించారు.

డబ్బు సంగతి కూడా చెప్పేస్తాను. 2017 ఆగస్టు 16న కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకి పరిమితి పెట్టింది. అంతకుముందు లక్షన్నర పైన అమ్మిన మామూలు కోబాల్ట్ క్రోమియం మోకాలికి ఆ రోజు నిర్ణయించిన గరిష్ఠ ధర జీఎస్టీ కాకుండా 54,720 రూపాయలు. తర్వాత సవరణలు వచ్చాయి, తాజా రేటు చూసుకోండి. ఆ పరిమితి ఇంప్లాంట్‌కి. స్కాన్, ప్లానింగ్, రోబో చార్జీలు దాని బయట. "కస్టమ్" అన్న మాట ఎక్కువగా ఎక్కడ వినిపిస్తుందో మీకు ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

అమ్మమ్మ విషయానికొస్తే, ఆ సీడీ తీసుకుని ఇంకో సర్జన్ దగ్గరికి వెళ్లాం. ఆయన పదిహేను నిమిషాలు స్క్రీన్ ముందు కూర్చున్నారు. మొదటి హాస్పిటల్ ఇచ్చిన ప్లాన్ ప్రింటవుట్ చూసి, "ఇది కంపెనీ మామూలు ఇంప్లాంటే బాబూ, రోబో ప్లాన్ మాత్రం మీ అమ్మమ్మ గారిది" అన్నారు. అంటే నాలుగో రకం పేరు చెప్పి మూడో రకం అమ్మబోయారు. "మరి మాకు నాలుగోది కావాలా?" అని అడిగాను. "అక్కర్లేదు. వంకర ఉంది గానీ ఎముక పోలేదు. ఈ సైజు అడ్డంగా రెండు మిల్లీమీటర్లు ఎక్కువవుతోంది, ఇదే సైజులో సన్నది ఉంటుంది, అది పెడదాం" అన్నారు. తర్వాత అమ్మమ్మ వైపు తిరిగి, "మామ్మగారూ, కింద కూర్చోవడం, పీట మీద కూర్చుని కూరలు తరగడం ఇక మర్చిపోవాలి, సరేనా?" అన్నారు. అమ్మమ్మ అన్నిటికీ ఊఁ అంది, పీట దగ్గర మాత్రం మాట్లాడలేదు.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కొంచెం నిరాశ. ఇంత చదివి, ఇన్ని ఫైళ్లు ఓపెన్ చేసి, చివరికి రెడీమేడా అని. ఇంజినీర్ బుద్ధి, పోదు.

కుడికాలికి ఆపరేషన్ అయి ఏడు నెలలైంది. మొదటి ఆరు వారాల ఫిజియోథెరపీ ఏ సాఫ్ట్‌వేర్ కంటే కష్టం. ఏడ్చింది, నన్ను తిట్టింది కూడా. ఇప్పుడు కాలు తిన్నగా ఉంది, 110 డిగ్రీలు వంగుతోంది. ఎడమకాలు ఇంకా చేయించలేదు, ఆలోచిస్తున్నాం.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ ఉంటే "కస్టమ్" అన్నప్పుడు ఏది కస్టమ్ అని అడగండి. సైజు ఎంపికా, అచ్చా, ప్లానా, ఇంప్లాంటా అని. సీడీ మీ దగ్గరే ఉంచుకోండి. ఆపరేషన్ అయ్యాక ఇంప్లాంట్ డబ్బా మీది స్టిక్కర్లు కేస్ షీట్‌లో అంటిస్తారు, వాటి మీద కంపెనీ, సైజు, లాట్ నంబర్ ఉంటాయి. ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. పదిహేనేళ్ల తర్వాత మళ్లీ ఆ మోకాలు తెరవాల్సి వస్తే డాక్టర్ మొదట అడిగేది అదే.

పోయిన శనివారం గుడికి వెళ్లాం. బస్సులో పైకి వెళ్లి, దర్శనం అయ్యాక అమ్మమ్మ "దిగేటప్పుడు మెట్ల మీద దిగుదాం రా" అంది. నేను 210 కిలోల లెక్క చెప్పాను. "నీ లెక్కలు నువ్వే ఉంచుకో" అని రెయిలింగ్ పట్టుకుని పది మెట్లు దిగింది, మళ్లీ పదీ ఎక్కి బస్సెక్కింది. సర్జన్ గారికి ఆ వీడియో పంపిస్తే ఆయన నుంచి ఒకటే మెసేజ్: "ఎడమకాలు ఎప్పుడు?"

ఎడమకాలి ప్లాన్ తయారైనప్పుడు ఆ ఫైళ్లు కూడా ఓపెన్ చేసి చూపిస్తాను. అందాకా ఉంటానండి.